వానలో కలిసిపోయిన ఆకులు

చెట్ల డీఎన్ఏ గీతలు పడ్డ జెల్ ఫొటోను ల్యాబ్ గోడకు అంటించిన రోజు నుంచి ఈశ్వరికి ఆ గోడ వైపు చూడాలంటే భయం. నల్లటి కాగితం మీద తెల్లటి గీతలు. పైన వరసగా చెట్ల అంకెలు, పందొమ్మిది నుంచి ముప్ఫై దాకా. ఇరవై ఎనిమిది కింద ఉన్న గీత ఒక్కటే మిగతావాటికన్నా బాగా కిందికి దిగి ఉంది. ల్యాబ్ నడిపే సుధారాణి మేడమ్ దాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు.

"ఆ కొండ మీద ఇలాంటి చెట్టు ఇదొక్కటే" అన్నారు మేడమ్ ఆ రోజు, ఎవరితోనో కాదు, తనతో తనే. ఆమె నవ్వడం ఈశ్వరి అప్పుడే మొదటిసారి చూసింది. చూసి, చేతిలో ఉన్న గాజు గ్లాసులు సింకులో పెట్టేసి, బయటికి పోయి కుళాయి దగ్గర నిలబడింది.

ఆ ఇరవై ఎనిమిది నిజంగా ఇరవై ఎనిమిదో కాదో ఈ లోకంలో తెలియనిది ఈశ్వరి ఒక్కతెకే. మిగతా అందరూ తెలుసనుకుంటున్నారు.

ఈశ్వరిది మల్కాపురం. నాన్న పోర్టులో కాంట్రాక్టు పని. ఇంటర్ మొదటి ఏడాదిలో ఉండగా అమ్మకు నడుం పట్టేసి ఎనిమిది నెలలు మంచం మీదే ఉంది. నీళ్లూ వంటా ఈశ్వరి మీద పడ్డాయి. అమ్మ లేచి తిరిగే సరికి కాలేజీలో తన వాళ్లంతా రెండో ఏడాదికి వెళ్లిపోయారు. చిన్నవాళ్ల మధ్య కూర్చోవడానికి సిగ్గేసి ఆమె మళ్లీ వెళ్లలేదు. నలుగురిలో మాట్లాడమంటే గొంతు పెగలదు. కానీ కళ్లు మాత్రం ఊరికే ఉండవు. ఏది ఎక్కడుంది, ఎవరు ఏ చేత్తో పట్టుకున్నారు, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది, అన్నీ చూస్తుంది. మూడేళ్ల కిందట ఈ చెట్ల పరిశోధన ల్యాబ్‌లో గాజు సామాను కడిగే పనికి చేరింది. ఒకరోజు మేడమ్ ఏదో సీసా కోసం గది అంతా వెతుకుతుంటే, "పైన రెండో అరలో, నీలం మూత వెనకాలండి" అంది మెల్లగా. ఆ రోజు నుంచి మేడమ్ ఆమెను శాంపిళ్ల పనికి కూడా పిలవడం మొదలుపెట్టారు.

శాంపిళ్లంటే తపసి చెట్టు ఆకులు. తపసి మంచి నేల అడగదు. మన్ను లేని రాతి సందుల్లో పెరుగుతుంది, బెరడు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది. గాటు పెడితే జిగురు కారుతుంది. ఆ జిగురుకు గిరాకీ. గాటు మీద గాటు పెట్టి పెట్టి ఎన్నో కొండల మీద చెట్లు నిలువునా ఎండిపోయాయి. మిగిలినవాటిలో ఏ చెట్టు దేనికి చుట్టం, ఏది వేరే రకం, దేని విత్తనం తీసి పెంచితే జాతి నిలబడుతుంది, ఇవన్నీ పైకి చూస్తే తెలియవు. అన్నీ ఒకలాగే తెల్లగా ఉంటాయి.

"లోపల రాసి ఉంటుంది ఈశ్వరీ" అని ఒకసారి మేడమ్ విడమరిచి చెప్పారు. "డీఎన్ఏలో కొన్ని చోట్ల ఒకటే ముక్క మళ్లీ మళ్లీ వస్తుంది. ఒక చెట్టులో పదిసార్లు, ఇంకో చెట్టులో పద్నాలుగు సార్లు. తక్కువసార్లు వస్తే జెల్ మీద గీత ఇంకా కిందికి దిగుతుంది. ఆ చోట్లు పట్టుకోవడానికి చేసేవే మార్కర్లు. ఈ చెట్టుకి మనం కొత్తగా చేస్తున్నాం. రెండేళ్లు కష్టపడితే పద్నాలుగు దొరికాయి."

ఆ పద్నాలుగు మార్కర్లతోనే ఇప్పుడు యారాడ వైపు కొండ మీద ఉన్న చెట్లను పరీక్షించారు. కొండ మీదికి రోడ్డు పడుతోంది. దిగువన వేస్తే పందొమ్మిది నుంచి ఇరవై నాలుగు దాకా ఉన్న చెట్లు పోతాయి. ఎగువన వేస్తే ఇరవై అయిదు నుంచి ముప్ఫై దాకా పోతాయి. ఏ వైపు చెట్లు ఉంచమంటారో చెప్పండి అని అటవీశాఖ వాళ్లు అడిగారు. ఎర్ర సున్నా చుట్టిన ఇరవై ఎనిమిది ఎగువన ఉంది. అందుకని దిగువన వేసుకోమని మేడమ్ ఉత్తరం తయారు చేశారు. శుక్రవారం పంపాలి.

ఇవాళ సోమవారం.

*

తప్పు జరిగింది సెప్టెంబరులో.

ఆ రోజు కొండ మీదికి ఈశ్వరీ, ఫీల్డు మనిషి నూకాలూ వెళ్లారు. నూకాలుకు యాభై దాటాయి. చెట్ల మొదళ్ల మీద ఎర్ర రంగుతో అంకెలు వేసింది ఆయనే. తెల్లవారుజామున జల్లు పడటంతో ఆకులు తడిగా ఉన్నాయి. తడి ఆకును తేమ పీల్చే సిలికా గుళికలున్న సంచిలో వేస్తే గుళికలు పాడై ఆకు నల్లబడిపోతుంది. అందుకని ఈశ్వరి ఒక చదును రాయి మీద పట్టా పరిచి, పన్నెండు చెట్ల ఆకులను పన్నెండు చోట్ల ఆరబెట్టింది, చెట్టుకు మూడేసి. ఒక్కో చోట అంకె రాసిన చీటీ, చీటీ మీద చిన్న రాయి. నూకాలు మిగతా చెట్ల కోసం ఇంకా పైకి వెళ్లాడు.

సముద్రం మీద నుంచి వాన గోడలా వచ్చింది.

ఈశ్వరి చిన్నప్పుడు సెలవులన్నీ ఫిషింగ్ హార్బర్ దగ్గర, చేపలు ఎండబెట్టే దిబ్బ మీద మేనత్త చిలకమ్మ వెనకాలే గడిచాయి. అక్కడ వాన చినుకు పడిందంటే ఎవరూ ఆలోచించరు. చేతులు చాచి ఉన్నదంతా ఒక కుప్పకు లాగి, పైన పట్టా కప్పేస్తారు. కవళ్లో నెత్తళ్లో, ఏ చేప ఏదో తర్వాత చూసుకోవచ్చు. ముందు తడవకూడదు. కొండ మీద ఆ రోజు ఈశ్వరి చేతులు అదే పని చేశాయి. రెండు చేతులూ చాచి పన్నెండు కుప్పలనూ ఒక్క లాగుతో దగ్గరికి లాగి, పట్టా నాలుగు మూలలూ మూట కట్టి, రాతి కిందికి దూరింది.

అక్కడ కూర్చున్నాక గాని తనేం చేసిందో తెలియలేదు.

చీటీల మీద సిరా కరిగి నీలం నీళ్లయింది. ముప్ఫై ఆరు ఆకులు కలగలిసి ఒళ్లో ఉన్నాయి. వాన చప్పుడు తప్ప ఏమీ వినబడటం లేదు. ఒక్కొక్క ఆకూ తీసి చూడటం మొదలుపెట్టింది. దీని అంచు లోతుగా చీలింది. దీని వెనక నూగు ఎక్కువ. ఈ తొడిమ పొడుగు. మూడు మూడుగా జతపడ్డాయి. ఏ జత ఏ చెట్టుదో గుర్తు తెచ్చుకుని పెట్టింది. పది జతల దగ్గర అంతగా తడబడలేదు. రెండు జతల దగ్గర మాత్రం ఆగిపోయింది. రెండిటికీ తొడిమ ఎరుపే. ఒకటి ఇరవై రెండుది, ఒకటి ఇరవై ఎనిమిదిది. ఇటు పెట్టింది, అటు మార్చింది, మళ్లీ ఇటు పెట్టింది.

పైన అడుగుల చప్పుడైంది.

"ఏటే గుంటా, తడిసిపోనావా?" నూకాలు గొంతు. "ఆకులు బాగున్నాయా?"

"బాగున్నాయి మావా" అంది ఈశ్వరి. పెన్సిల్‌తో సంచుల మీద అంకెలు రాసేసింది.

ఆ "బాగున్నాయి" అన్న మాట మూడు నెలలుగా ఆమె గొంతులో ముల్లులా ఉంది.

*

సోమవారం, మంగళవారం ఎలా గడిచాయో తెలియదు. ఒక బీకరు పగిలింది. మేడమ్ పిలిస్తే ఉలిక్కిపడింది. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి మళ్లీ మూసేసింది. చెబితే ఏమవుతుందో తెలుసు. ఈ ఉద్యోగం పోతే ఇంటర్ మానేసిన పిల్లకు ఇంకెక్కడ దొరుకుతుంది? దొరికినా, ఏ అరలో ఏ సీసా ఉందని తనను అడిగేవాళ్లు ఎవరుంటారు? చెప్పకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. రంపం. తెల్లటి చెట్టు. మొదట్లో నూకాలు వేసిన ఎర్ర అంకె.

బుధవారం పొద్దున ల్యాబ్‌కు వెళ్లకుండా హార్బర్ దగ్గర బస్సు దిగింది. చిలకమ్మ దిబ్బ మీద చేపలు తిరగేస్తోంది.

"ఏటే, ఆపీసు లేదా?" అంది తల ఎత్తకుండానే. "మేం సేపలు ఆరబెడితే కంపు. నువ్వు ఆకులు ఆరబెడితే సైన్సు. ఏం రాతలే మావి!"

పక్కనున్న ఇద్దరు ఆడవాళ్లు నవ్వారు. ఈశ్వరి నవ్వలేదు. అత్త పక్కనే కూర్చుని తనూ చేపలు తిరగేయడం మొదలుపెట్టింది.

"అత్తా. వాన్లో మీ అందరి సేపలూ ఒకే కుప్పలో కలిసిపోతే ఏటి సేత్తారు?"

"ఏటి సేత్తాం? కూకుని ఏరుకుంతాం."

"ఎవులివి ఎవులికో ఎలా తెలుత్తాది?"

"సగం తెలుత్తాయి, సగం తెల్దు. తెలనివి పంచుకుంతాం." చిలకమ్మ ఇప్పుడు తల ఎత్తింది. "గానీ కలిపీసినోలు ముందల లేసి నిలబడి అరవాల. నాను కలిపీసినాను రోయ్ అని దిబ్బంతా ఇనబడీలాగ. అప్పుడే ఏరడం మొదలెడతాం. అరవకండా తనొక్కతే గుట్టుగా ఏరీసిందనుకో, అది దొంగే. ఒక్క సేప తీసుకోపోయినా దొంగే. నిరుడు పక్కింటోల కోడల్ని ఎల్లగొట్టలేదేటి?"

"ఎల్లగొట్టీసినారా?"

"దిబ్బ మీద కూకోనివ్వలేదు మరి." అత్త ఆమె మొహంలోకి చూసింది. "ఏటే నీ మొకం అలగుంది? ఒళ్లు బాగోలేదా?"

"బాగానే ఉంది" అంది ఈశ్వరి. అని, నాలుక కరుచుకుంది. మళ్లీ అదే మాట. లేచి చీర కుచ్చెళ్లకు అంటిన పొలుసులు దులుపుకుని బస్సు కోసం పరిగెత్తింది.

*

మేడమ్ కంప్యూటర్ ముందున్నారు. ఈశ్వరి తలుపు దగ్గర నిలబడింది.

"ఏంటి ఈశ్వరీ? ఆలస్యంగా వచ్చావేం?"

"కలిపేశానండి."

"ఏం కలిపావ్? బఫరా? ఏ సీసాలో?" మేడమ్ కుర్చీ తిప్పారు.

"ఆకులండి." ఇంకాస్త గట్టిగా చెప్పాలని అనిపించి చెప్పింది. అది అరుపులా వచ్చింది. "నేనే కలిపేశానండి! వానొచ్చింది. పన్నెండు చెట్లవీ కలిసిపోయాయి. చూసి చూసి మళ్లీ వేరు చేశాను. ఇరవై రెండూ ఇరవై ఎనిమిదీ మాత్రం ఏది ఏదో నాకు తెలియదండి."

మేడమ్ కీబోర్డు పక్కకు తోశారు.

"ఎప్పుడు?"

"సెప్టెంబర్లోనండి."

"మూడు నెలలు" అన్నారు మేడమ్. కేక వేసి ఉంటే బాగుండేది. ఆమె మెల్లగా అన్నారు. "మూడు నెలలు నా పక్కనే ట్యూబులు కడుగుతున్నావ్. ఆ రోజే చెప్పి ఉంటే మర్నాడే మళ్లీ ఆకులు తెచ్చుకునేవాళ్లం. ఇప్పుడు డిసెంబరు. చెట్ల మీద ఒక్క ఆకు లేదు."

"తెలుసండి."

"నా పేరు ఉంది ఆ ఉత్తరం కింద."

ఈశ్వరి తల దించుకుంది. ఏడుపు రాలేదు. భయం అంత గట్టిగా పట్టుకున్నప్పుడు ఏడవడానికి కూడా చోటుండదు.

మేడమ్ గోడ మీది ఫొటో ముందుకు వెళ్లి ఎర్ర సున్నా మీద వేలు పెట్టారు. తర్వాత ఫోన్ తీశారు. "నూకాలూ, రేపు పొద్దున్నే కొండకి వెళ్లాలి. ఆకు కాదు, బెరడు లోపలి పొర కావాలి. పన్నెండు చెట్లవీ." ఫోన్ పెట్టేసి ఈశ్వరి వైపు చూడకుండానే అన్నారు. "నువ్వూ వెళ్లు. చెట్టు దగ్గరే సంచిలో వెయ్యి. చెట్టు దగ్గరే అంకె వెయ్యి. ఆ తర్వాతే రెండో చెట్టు."

*

గురువారం కొండ మీద గాలి చల్లగా ఉంది. ఆకులు లేని తపసి చెట్లు రాళ్ల మధ్య తెల్లటి ఎముకల్లా నిలబడి ఉన్నాయి. ఉత్తరం ఇంకా వెళ్లకపోయినా, దిగువన రోడ్డు వాళ్లు అప్పుడే సున్నంతో గీత గీసుకుని పోయారు. గీత ఇరవై రెండో చెట్టు మొదలును రాసుకుంటూ వెళ్లింది.

నూకాలుకు సంగతి తెలిసిపోయింది. ఇరవై రెండు దగ్గర కత్తి తీసి, గోరంత బెరడు లేపి, లోపలి పచ్చటి పొర గీరుతూ అన్నాడు.

"నానొచ్చి అడిగినాను గదే, బాగున్నాయా అని. అప్పుడు ఒక్క మాట సెప్తే సరిపోను. ఇద్దరం మల్లీ కోసీవోలం."

"భయమేసింది మావా."

"నానేటి పులినా?"

ఈశ్వరి సంచి మీద ఇరవై రెండు అని రాసింది. చెట్టు మీది అంకె చూసింది. మళ్లీ సంచి చూసింది. పైకి చదివింది, "ఇరవై రెండు." నూకాలు కూడా చూసి, "ఇరవై రెండు" అన్నాడు. పన్నెండు చెట్ల దగ్గరా అలాగే ఇద్దరూ పైకి చదివారు. దిగేటప్పటికి ఎండ నెత్తి మీదికి వచ్చింది.

శుక్రవారం సాయంత్రం జెల్ మీద గీతలు పడలేదు. ఒక్కటి కూడా. తపసి బెరడులో ఉన్న జిగురే డీఎన్ఏకు అంటుకుని దాన్ని పనికి రాకుండా చేసింది. ఉత్తరం పంపాల్సిన రోజు అదే. మేడమ్ అటవీశాఖకు ఫోన్ చేసి సోమవారం దాకా గడువు అడగడం ఈశ్వరి సింకు దగ్గర నుంచి విన్నది. "మా వైపే చిన్న పొరపాటు జరిగిందండి" అన్నారు మేడమ్. 'మా వైపే' అన్న మాటకు ఈశ్వరి చేతిలోని సబ్బు జారిపోయింది.

శనివారం మొత్తం మళ్లీ మొదటి నుంచి. ఉప్పు నీళ్లతో కడిగి, యంత్రంలో తిప్పి, జిగురు వంచేసి, మళ్లీ కడిగి. సెలవైనా మేడమ్ వచ్చారు. ఈశ్వరిని ట్యూబులు ముట్టుకోనివ్వలేదు. కానీ ప్రతి ట్యూబు తీసేటప్పుడు, "అంకె చదువు" అనేవారు. ఈశ్వరి చదివేది.

ఆదివారం మధ్యాహ్నం చీకటి గదిలో ఇద్దరే నిలబడ్డారు. యంత్రం లోపల దీపం వెలిగింది. ఈశ్వరి కళ్లు మూసుకుంది. కళ్లు మూసుకుని ఉండటం ఆమెకు చేతకాని పని. తెరిచింది.

పందొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటి, అన్నీ గోడ మీది ఫొటోలో ఉన్నట్టే. ఇరవై రెండు దగ్గర గీత జారి బాగా కిందికి దిగి ఉంది. ఇరవై ఎనిమిది దగ్గర గీత అందరి వరసలో మామూలుగా ఉంది.

"మార్చేశాను" అంది ఈశ్వరి. "తారుమారు చేసేశానండి."

"మిగతా పదీ?" అని మేడమ్ అద్దం దగ్గరికి వంగారు. మిగతా మార్కర్లు కూడా ఒక్కొక్కటే పోల్చారు. అరగంట పట్టింది. "మిగతా పదీ సరిగ్గానే ఉన్నాయి" అన్నారు చివరికి. "వానలో కూర్చుని, ఉత్త కంటితో." అది మెప్పో కోపమో ఆ చీకట్లో తెలియలేదు.

సోమవారం ఉత్తరం మారింది. రోడ్డు ఎగువన వేసుకోండి, దిగువ చెట్లు ఉంచండి అని. ఎందుకు మారిందో రాయాల్సి వచ్చింది. శాంపిల్ రిజిస్టరులో కూడా రాయాలని మేడమ్ ఈశ్వరి ముందు పుస్తకం పెట్టారు. "నీ చేత్తోనే రాయి. ఏం జరిగిందో అదే. తక్కువా వద్దు, ఎక్కువా వద్దు." ఈశ్వరి ఒక పేజీ నిండా రాసింది. మూడేళ్లలో ఆమె అంకెలు తప్ప మాటలు రాసింది అదే మొదలు.

"పైవాళ్లు ఏమంటారో నాకు తెలియదు" అన్నారు మేడమ్. "నేను చెప్పాల్సింది చెప్పాను."

వారం తర్వాత పైవాళ్ల నుంచి కాగితం వచ్చింది. ఉద్యోగం ఉంది. శాంపిళ్ల పని మాత్రం లేదు, కొండకు వెళ్లకూడదు. గాజు సామాను మళ్లీ. మేడమ్ ఆమెతో పనికి కావలసిన మాటలే మాట్లాడేవారు. ఈశ్వరి రోజూ పొద్దున హాజరు పట్టీలో తన పేరు ఉందో లేదోనని వేలితో వెతికేది. ఉండేది. అయినా మర్నాడు మళ్లీ వెతికేది.

*

ఏప్రిల్‌లో నూకాలు కొండ దిగి వచ్చాడు. చేతులు మోచేతుల దాకా ఎర్రగా దద్దుర్లు. తపసి కాయల మీది నూగు తగిలితే అంతే, రెండు రోజులు దురద వదలదు. సంచిలో విత్తనాలు.

"ఇరవై రెండుది" అన్నాడు ఈశ్వరి సింకు పక్కనుంచి పోతూ, గోక్కుంటూ. "ఎగువ రోడ్డు ఏసీసినారు. ఇదలాగే ఉంది. ఈసారి కాయలు బాగా పట్టినాది."

మేడమ్ బల్ల మీద నర్సరీ సంచులు పేర్పించారు, ఒక్కో చెట్టు విత్తనానికి ఒక వరస. కొత్తగా వచ్చిన ఆశాజ్యోతి అనే అమ్మాయి సంచులకు కట్టడానికి రేకు బిళ్లలు తెచ్చింది. మేడమ్ ఒకసారి అటూ ఇటూ చూశారు.

"ఈశ్వరీ. చేతులు తుడుచుకుని ఇలా రా."

ఏం తప్పు చేశాను? బీకరా? సీసానా? చేతులు తుడుచుకుంటూ వెళ్లి బల్ల ముందు నిలబడింది. మేడమ్ ఆమె చేతిలో రేకు బిళ్లా, మొన తేలిన మేకూ పెట్టారు. నీళ్లకు కరిగేది కాదు, గీరి రాసేది.

"ఇరవై రెండు వరస నువ్వు రాయి."

"చేతులు వణుకుతున్నాయండి."

"వణకనీ. అంకె కనబడితే చాలు."

ఈశ్వరి విత్తనాల పొట్లం మీద అంకె చూసింది. బిళ్ల మీద గీరింది. రెండు అంకెలూ వంకరగా వచ్చాయి. మళ్లీ పొట్లం చూసింది.

"ఇరవై రెండు" అని పైకి చదివింది, గది చివర నిలబడ్డ నూకాలుకు కూడా వినబడేలా.

"ఇరవై రెండు" అన్నాడు నూకాలు గోక్కుంటూనే.